పొట్టను సరిచేయు శస్త్రము: ఇంట ముందుగా జరుగవలసిన యేర్పాట్లు



గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఇద్దఱు బిడ్డల తల్లి. రెండు కాన్పులును సిజేరియన్ శస్త్రముతోనే జరిగినవి. చిన్నబిడ్డకు నాలుగవ యేడు. ఒడలంతయు మునుపటివలెనే యున్నను పొట్ట మాత్రము లోనికి పోలేదనియు, పాత శస్త్రపు మచ్చమీద చర్మము మడతగా వ్రేలాడి వేసవిలో ఒరసికొని పుండగుచున్నదనియు, పెండ్లిండ్లకు పోయినచోట నెల్ల "ఎన్నవ నెల?" యని పెద్దముత్తైదువలు పలుకరించుచున్నారనియు వ్రాసిరి. టమ్మీ టక్ అనెడు శస్త్రము చేయించుకొన నెంచినారు. భర్త "నీ యిష్టము" అనిరట. అత్తగారు మాత్రము "రోగము లేని యొంటికి కత్తి యెందులకే?" అనిరట. "ఇందేమి జరుగును, ఎన్నాళ్లు బాధ యుండును, కడపట ఏమి మిగులును, దాచక వ్రాయుడు" అని వారి కోరిక.

అత్తగారి ప్రశ్న అడుగదగినదే. అట్లని కోడలి కోరికను సోకు అని త్రోసిపుచ్చుటకు మాకు మనసొప్పదు. తెలిసిన వైద్యులను అడిగితిమి; ఈ శస్త్రము చేయించుకొన్న యిరువురు గృహిణులతో తీరికగా ముచ్చటించితిమి. అంతయు విన్నమీదట మాకు తోచినదేమనగా, శస్త్రశాలలో గడచునవి కొలది గంటలు, ఇంట గడపవలసినవి ఆఱు వారములు. మంచిదా చెడ్డదా యని తర్కించువారు ఆ కొలది గంటలను గూర్చియే మాటలాడుదురు. ఆఱు వారముల సంగతి ఎవ్వరును ఎత్తరు. మేము దానినే యెక్కువగా వ్రాసెదము.

మొదట, పొట్ట యేల నిలిచిపోవునో తెలిసికొనవలెను. కడుపు ముందుభాగమున ప్రక్కటెముకల నుండి కటి యెముక వఱకు రెండు కండరపు పట్టీలు నిలువుగా దిగును. నడుమ తెల్లని నారవంటి బంధమొకటి ఆ రెంటిని కలిపియుంచును. గర్భము పెరుగుకొలది ఆ బంధము సాగి పలుచనై, కండరములు చెఱియొక ప్రక్కకు జరుగును. కాన్పు పిమ్మట పెక్కండ్రకు అవి మరల దగ్గఱ చేరును, కొందఱికి చేరవు. నార్వే దేశమున తొలిచూలు స్త్రీలను 300 మందిని పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, కాన్పైన ఆఱు వారములకు నూటికి 60 మందికిని, ఏడాది నిండినపిదప కూడ సుమారు 33 మందికిని ఈ యెడము కనబడెను. తిండియావ వలననో సోమరితనము వలననో పొట్ట వచ్చినదని మనవారనుట ఎంత అన్యాయమో దీనినిబట్టి తెలియుచున్నది. మన రెండు రాష్ట్రములలో మఱియొక కారణము కూడ కలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులును, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులును సిజేరియన్ వలన జరిగినవి. ఆ మచ్చ కొందఱికి లోని పొరలకు అతుకుకొని లోనికి లాగబడి యుండును. దానిపైనున్న చర్మము ఇంటిచూరువలె ముందునకు వ్రాలును. మన సోదరికి కలిగిన బాధ అదియే కావచ్చును.

మన పెద్దలకీ సంగతి తెలియకపోలేదు. చరక సంహిత శారీరస్థానమున, కాన్పైన స్త్రీకి నేయియు నూనెయు పొట్టకు పట్టించి, వెడల్పయిన వస్త్రముతో చుట్టవలెనని కలదు. ఖాళీ దొరకక వాయువు కడుపులో వికారము పుట్టింపజాలదని అందు చెప్పిన హేతువు. మన యిండ్లలో బాలింతకు పాతచీరతో నడికట్టు కట్టుట ఆ మర్యాదయే. గర్భిణికి పొట్టపై వచ్చు చారలకు ఆ గ్రంథమున కిక్కిస మని పేరు. నడికట్టు నడుమునకు ఊతమిచ్చును, లేచి నడచుటకు ధైర్యమిచ్చును, మేమును కట్టుకొన్నవారమే. అయినను విడిపోయిన కండరములను అది యొక్కటియే కూర్పజాలదు. కట్టలేదు గనుక నీ పొట్ట యిట్లైనదని కోడలిని దెప్పువారు ఇది గ్రహింతురు గాక!

ఎడమున్నదో లేదో ఇంటనే కొంతవఱకు చూచుకొనవచ్చును. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, తల కొంచెము పైకెత్తి, నాభికి కొంచెము పైన నడుమభాగమున వ్రేళ్లతో అదిమి చూడవలెను. రెండు వ్రేళ్లు అడ్డముగా దిగబడునంత సందున్నచో కండరములు విడియున్నవని సామాన్యముగా చెప్పుదురు. అక్కడనే తలయెత్తినప్పుడు బుడిపె వలె ఏదైన పైకుబికినచో హెర్నియా కావచ్చును. అట్టివారు అందమును గూర్చి కాకున్నను వైద్యునొద్దకు పోవలసినదే. వట్టి యెడమే యైనచో మొదట ఫిజియోథెరపీ తెలిసినవారి చెంత కడుపు కండరముల వ్యాయామము కొన్ని మాసములు చేసి చూచుట మేలు. దానిచే బలము వచ్చును, నడుమునొప్పి తగ్గవచ్చును. సాగి వ్రేలాడు చర్మము మాత్రము వ్యాయామముచే ముడుచుకొనదు. శస్త్రము ఆలోచింపవలసినది అక్కడనే.

ఎవరు ఆగవలెను? ఇంకను బిడ్డలు కావలెననుకొనువారు ఆగవలెను. శస్త్రము పిమ్మట గర్భము నిలువదని గాని, బిడ్డకు హాని యని గాని భయము లేదు. కాని కుట్టి దగ్గఱ చేర్చిన కండరములు మరల సాగును, పడిన శ్రమయు వెచ్చించిన ధనమును వ్యర్థమగును. పాలిచ్చుచున్న తల్లులు ఆగవలెను. బరువు తగ్గదలచినవారు ముందు తగ్గి, ఆ బరువు కొన్ని మాసములు నిలిచినమీదట పోవలెను. ఇది బరువు తగ్గించు వైద్యమని పలువురు భ్రమపడుచున్నారు. చర్మము క్రిందనున్న క్రొవ్వును మాత్రమే వైద్యులు తీయగలరు. కండరములకు లోపల పేగులచుట్టు చేరిన క్రొవ్వును ఈ శస్త్రము తాకనైన తాకదు. కుండవలె గట్టిగా ఉబ్బిన పొట్టకు ఇది మందు కాదు.

ఈ విద్య మొన్న పుట్టినదని యనుకొనవలదు. ముక్కునకును చెవితమ్మెకును చర్మమతికి సరిచేయు విధానము సుశ్రుతుడు చెప్పియుండెను గాని పొట్ట విషయము పాశ్చాత్యులదే. అమెరికాలో బాల్టిమోరు నగరపు స్త్రీవైద్యుడు హోవర్డ్ కెల్లీ 1899లో, వ్రేలాడు పొట్టను అడ్డముగా కోసి తీసిన సంగతి ప్రకటించెను. తొలినాళ్లలో నాభి కూడ చర్మముతో పోవుట కలదు. నాభిని నిలిపి దానికి క్రొత్తచోటు కల్పించు పద్ధతిని వెర్నన్ అను వైద్యుడు 1957లో వివరించెను. బ్రెజిల్ దేశీయుడగు ఇవో పిటాంగీ 300 మందికి చేసిన శస్త్రముల వృత్తాంతము 1967లో వెలువడెను. నేడు చేయునది చాలవఱకు ఆ దారినే నడచుచున్నది.

ఇక శస్త్రము. ఆనాటి యుదయము వైద్యులు మనలను నిలుచుండబెట్టి పొట్టపై గీతలు గీయుదురు. పరుండినప్పుడు మడత ప్రక్కలకు జారి కొలత తప్పును గనుక. సామాన్యముగా ఒళ్లు తెలియని మత్తు నిత్తురు. పొత్తికడుపు క్రింద, ఈ తుంటి నుండి ఆ తుంటి వఱకు కోయుదురు. చర్మమును క్రొవ్వుతో గూడ ప్రక్కటెముకల దాక లేవనెత్తుదురు. నాభి తన తొడిమతో లోపలనే నిలిచియుండును. విడిన కండరముల పై పొరను నడుమన నిలువుగా కుట్టి దగ్గఱకు తెచ్చెదరు. పిదప, చర్మమును చీరకుచ్చెళ్లవలె క్రిందికి లాగి, మిగిలినదానిని కోసివేసి, నాభికి క్రొత్త ద్వారము చేసి, కుట్లు వేయుదురు. ఇదంతయు రెండు మొదలు నాలుగు గంటల పని. నాభికి దిగువ మాత్రమే చర్మము మిగిలియున్నవారికి చిన్నకోతతో సరిపుచ్చుటయు కలదు.

వైద్యుని ఎంచుకొనుట యందు ఒక్కమాట. ఎం.బి.బి.ఎస్. పిదప ఎం.ఎస్. ముగించి, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని డి.ఎన్.బి. గాని పొందినవారో కారో తిన్నగా అడుగవలెను. అడిగినందుకు కోపించు వైద్యుడు మనకక్కఱలేదు. అందమును బాగుచేయు అంగళ్లలో గాక, మత్తు వైద్యుడును అత్యవసర చికిత్స విభాగమును గల ఆసుపత్రిలో చేయించుకొనవలెను. శస్త్రమునకు ముందును పిమ్మటను తీసిన ఛాయాచిత్రములు చూపుదురు; వానిలో మచ్చ కనబడునట్టివి కూడ చూపుమనుడు. ఆరోగ్య బీమా పత్రములు సామాన్యముగా అందము కొఱకు చేయు శస్త్రములకు ధనమీయవు. హెర్నియా కూడ ఉన్నచో ఆ భాగమునకేమైన వచ్చునేమో బీమావారిని ముందే వ్రాతపూర్వకముగా అడుగుడు.

రక్తపరీక్ష తప్పదు. పైని చెప్పిన సర్వేయే, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని తెలంగాణమున 57.6 మందికిని రక్తహీనత కలదని తేల్చినది. రక్తము తక్కువగా నున్నచో ముందు దానిని సరిచేసికొనుడు. శస్త్రము ఆగును, నష్టము లేదు. చక్కెరవ్యాధి, ఆస్పిరిన్ వాడుక, గర్భము రాకుండ మ్రింగు మాత్రలు, నాటుమందులు, ఏవియు వైద్యునికి దాచరాదు. పొగాకు ఏ రూపమున నున్నను శస్త్రమునకు నాలుగైదు వారములు ముందే మానవలెను. పొగత్రాగువారికి కోసి లాగిన చర్మమునకు రక్తమందక అంచులు నల్లబడి చచ్చును. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల పెద్దమ్మలు అడ్డపొగ త్రాగుట మన మెఱుగనిది కాదు. వారి కోడండ్రు కూడ ఆ యలవాటును వైద్యునొద్ద చెప్పుటకు సిగ్గుపడరాదు.

ఇక ఇంటి సంగతి.

ఆసుపత్రిలో ఒకటి రెండు దినము లుంచి పంపుదురు. ఇంటికి వచ్చు స్త్రీ నిటారుగా నిలువలేదు. చర్మము బిగిసియుండుటచే వారము పది దినములు నడుము వంచి ముసలమ్మవలె నడచును. చూచినవారు జాలిపడి "నిటారుగా నడువుమమ్మా" అని చెప్పనక్కఱలేదు. అట్లు వంగుటయే కుట్లకు రక్షణ. పరుండునప్పుడు తలక్రిందను మోకాళ్లక్రిందను దిండ్లుంచి, వాలుకుర్చీలోవలె ఉండవలెను. నేలపై చాప పరచుకొనుట, పీటపై కూర్చుండుట, గొంతుకూర్చుండుట కూడవు. ఎత్తయిన మంచము, కుర్చీవంటి పాయిఖానా ఇంట లేకున్నచో ముందుగా అమర్చుకొనవలెను. మేము మాటలాడిన గృహిణులలో ఒకరు, నొప్పికంటె దీనివలననే ఎక్కువ కన్నీరు పెట్టితిమని చెప్పిరి.

నొప్పి యుండదా? ఉండును. మొదటి మూడు నాలుగు దినములు మందులతోనే గడచును. దగ్గు, తుమ్ము, నవ్వు, మూడును శత్రువులే. అవి వచ్చునప్పుడు పొట్టకు దిండదుముకొనవలెను. నొప్పిమందులచే మలబద్ధము కలుగును, ముక్కుటచే కుట్లకు బాధ. కావున నీరు, పండ్లు, ఆకుకూరలు చాలినంత ఉండవలెను. ఇక్కడ మన పథ్యములొకటి అడ్డు వచ్చును. "పప్పు తిన్న చీముపట్టును, గ్రుడ్డు తిన్న చీముపట్టును, నీళ్లు త్రాగిన ఒళ్లు ఉబ్బును" అని పెద్దలందురు. కోసిన చర్మమతుకుటకు మాంసకృత్తులే ఆధారము. పప్పు, పెరుగు, పాలు, తినువారికి గ్రుడ్డు, ఇవి మానిపించినచో గాయము మానుట ఆలస్యమగును. పిల్లకు కారప్పొడి మెతుకులు మాత్రమే పెట్టుట ప్రేమ యనిపించుకొనదు.

చర్మము క్రింద చేరు నెత్తురునీరు వెలికి వచ్చుటకు పొత్తికడుపు ప్రక్కల రెండు సన్నని గొట్టములమర్చి పంపుట కలదు. వానికొనల నుండు బుడ్డిలో చేరిన నీటిని రోజును కొలిచి ఒక కాగితముపై వ్రాయవలెను. తగినంత తగ్గినపిదప, తఱచుగా వారము పది దినములకు, తీసివేయుదురు. ఈ పనికి తల్లియో అక్కయో చెల్లెలో ఒకరుండవలెను. భర్తయే చేసినచో మఱియు సంతోషము. కొలతయు లెక్కయు పురుషులకు తెలియనివి కావు గదా.

కాపడము పెట్టరాదు! దీనిని పెద్దలందఱకు ముందే చెప్పియుంచవలెను. శస్త్రమున చర్మపు సన్ననరములు తెగుటచే నాభిక్రింది భాగము మొద్దుబారి కొన్ని నెలలు, కొందఱికి ఏండ్లకొలదియు, స్పర్శ యెఱుగదు. నొప్పిగా నున్నదని వేడినీళ్ల సంచియో ఇటుకకాపడమో పెట్టినచో చర్మము కాలుచున్నను ఆమెకు తెలియదు. అట్లే కుట్లపై పసుపు, వేపనూనె, పేడ భస్మము మొదలగునవి వైద్యుడు చెప్పనిదే పూయరాదు.

ఆఱు వారముల వఱకు బరువెత్తరాదు. బరువనగా బియ్యపు బస్తా మాత్రమే కాదు. నీళ్లబిందె, గ్యాసుబండ, తడిబట్టల బక్కెట, పిండిరుబ్బిన గిన్నె, అన్నిటికంటె ముందు నాలుగేండ్ల బిడ్డ. అమ్మా యెత్తుకో యని చేతులు చాచిన బిడ్డను ఎత్తుకొనలేకపోవుట తల్లికెంతటి శిక్షయో మేము వ్రాయనక్కఱలేదు. తల్లి కూర్చుండియుండగా బిడ్డ తానే వచ్చి ప్రక్కన చేరునట్లు ముందునుండి అలవాటు చేయవచ్చును. వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుటయు వంగియే చేయవలసిన పని గదా. ఆ నెలన్నర యింటిముందు చుక్కలముగ్గు లేకున్నను లక్ష్మీదేవి అలిగిపోదని మా నమ్మకము. కూర్చుండి చేయు పనులకు రెండు మూడు వారములలో పోవచ్చును. వంట నిలుచుండి మెల్లగా మొదలుపెట్టవచ్చును. వైద్యుడు సరేయను వఱకు బిగువుపట్టీ రాత్రింబవళ్లు ధరింపవలెను. చీరకట్టునప్పుడు లోపలి లంగా బొందు మచ్చపైని ఒరయకుండ కొంచెము పైకి, వదులుగా కట్టుకొనుడు. కొన్నాళ్లు వదులు గౌనులే హాయి.

భయపెట్టుటకు గాక, చెప్పక తప్పదు గనుక వ్రాయుచున్నాము. అందము కొఱకు చేయు శస్త్రములలో కాలిరక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవు అపాయము దీనియందు తక్కినవానికంటె ఎక్కువ. అరుదే యైనను ప్రాణాంతకము. అందువలననే, నొప్పి యున్నను శస్త్రమైననాడో మఱునాడో లేపి నడిపింతురు. అవసరమైనవారికి రక్తము గడ్డకట్టకుండ సూదిమందులిత్తురు. "పాపము, పడుకోనిండు" అని లేవనీయకుండుట దయ కాదు. ఒక పిక్క మాత్రమే వాచి నొచ్చినను, హఠాత్తుగా ఆయాసము గాని ఛాతినొప్పి గాని వచ్చినను, రాత్రియో పగలో చూడక తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. జ్వరము, కుట్లచుట్టు ఎఱ్ఱదనము, చీము, పొట్ట ఒకవైపు హఠాత్తుగా ఉబ్బుట, ఇవియు జాగుచేయదగనివి. గొట్టములు తీసినపిదప చర్మము క్రింద నీరుచేరి తొణకుట తఱచు కలుగునదే. వైద్యుడు సూదితో లాగివేయును.

కడపట మిగులునదేమి? మచ్చ మిగులును. తుంటి నుండి తుంటి వఱకు గీత, నాభిచుట్టు చిన్న గీత. మొదటి నెలలలో ఎఱ్ఱగా గట్టిగా నుండి, ఏడాది యేడాదిన్నరకు లేతబడును, పోదు. మనవంటి చామనచాయ శరీరములకు మచ్చ ఉబ్బి బిఱుసెక్కుట కొంత యెక్కువ. ఇదివఱకు చెవి కుట్టించుకొన్నచోటనో సిజేరియన్ మచ్చయందో అట్లు ఉబ్బినచో ముందే చూపవలెను. నాభిక్రింది చారలు కోసిన చర్మముతో పోవును, పైని చారలు నిలుచును. పాత సిజేరియన్ మచ్చ సామాన్యముగా కోతలోనే కలిసి పోవును. వాపు తగ్గుటకు నెలలు పట్టును గాన మూడవ వారమున అద్దము చూచుకొని దిగులుపడుట వలదు. "ఇంతకా యింత చేయించుకొన్నాను" అని తొలిదినములలో ఏడ్పు వచ్చుట కూడ కలదని ఆ యిరువురును చెప్పిరి. ఇప్పుడు వారిలో ఒకరు చేసినపని మంచిదే యనుచున్నారు. రెండవవారు, పొట్ట బాగున్నది గాని ఇంట సాయము లేక మూడవ వారమునకే పొయ్యియొద్ద నిలిచితిననియు, కుట్టు ఒకచోట విడి మానుటకు రెండు నెలలు పట్టెననియు చెప్పి, మరల ఐనచో చేయించుకొననని తేల్చిరి.

అత్తగారికి మా మనవి: రోగము లేదని మీరన్నారు. మడతక్రింద ఏటేట పుండగుట రోగమే గదా. ఇక మిగిలినది మీ కోడలి మనసు. ఆమె నిశ్చయించుకొన్నచో, శస్త్రము జయప్రదమగుట వైద్యుని చేతిలో సగము, మీ చేతిలో సగము. నెలన్నర ఆ గరిటె మీరు పట్టుకొనగలరేని ఆమెకు అంతకంటె బలము లేదు. పట్టుకొనలేనిచో ఆ మాట ముందే చెప్పుడు. వంటమనిషి జీతము కూడ శస్త్రపు ఖర్చులో వ్రాసికొందురు.

ఎప్పుడు చేయించుకొనవలెనని కూడ ఆ సోదరి అడిగిరి. పిల్లలకు బడి లేని వేసవి అనుకూలమని వారి తలంపు. ఏప్రిల్ చివర నుండి జూన్ రెండవ వారము వఱకు సెలవులుండుట నిజమే, పుట్టింటివారు కూడ వచ్చి యుండగలరు. కాని గుంటూరు ఎండలలో ఆ బిగువుపట్టీ రాత్రింబవళ్లు కట్టుకొనుట ఎట్లు? చెమటకాయలు లేచును, కుట్లు తడియును. డిసెంబరులో చల్లగానుండును గాని సంక్రాంతి పిండివంటలును అల్లుండ్రును వచ్చిపడుదురు. పండుగ వెళ్లిన వారమునకు పెట్టుకొన్నచో ఆఱు వారములు మార్చి తొలిదినములకు ముగియును. ఎండ ముదరకమున్నే పట్టీ విప్పవచ్చును. ఆ నెలన్నర చిన్నవానిని బడికి దింపి తెచ్చువారెవరో మాత్రము ఇప్పుడే నిశ్చయించుకొనవలెను.